నన్ను పట్టుకున్న వల

నేను ఒక ఏసీలో సగాన్ని. గదిలో గోడ మీద తెల్లగా, నాజూగ్గా ఉండేది, రిమోటు నొక్కగానే కళ్ళు తెరిచేది నా రెండో సగం. నేను బయటి సగాన్ని. ఎండలో, వానలో, కాకుల మధ్య ఉండి లోపలి వేడినంతా తెచ్చి బయట పారబోయడం నా పని. గదిలోకి వచ్చినవాళ్ళు హాయిగా ఉందని మెచ్చుకునేది దాన్ని. నా పక్కనుంచి పోయేవాళ్ళు మొహం తిప్పుకునేది నన్ను చూసి. దానికి నేనేమీ బాధపడను. వేడి ఊదేవాణ్ణి ఎవరు మాత్రం ముద్దు చేస్తారు?

ఫ్యాక్టరీలో నా ఒంట్లో రాగి గొట్టాలు చుట్టి, వీపున సన్నని రేకులు పేర్చి, విశాఖపట్నంలో ఒక బట్టల వ్యాపారి ఇంటికి పంపారు. ఆ ఇంట్లోవాళ్ళు గదిని గడ్డకట్టేటంత చల్లగా చేసి, ఆ తరవాత రెండేసి దుప్పట్లు కప్పుకుని పడుకునేవారు. వాళ్ళకు కావలసింది చలో, వెచ్చదనమో నాకెన్నడూ అర్థం కాలేదు. ఒకసారి గోడలకు కొత్త రంగు వేయించారు. ఆ రంగుకు నా రెండో సగం నప్పలేదట. ఇంకా బాగా పనిచేస్తుండగానే మమ్మల్నిద్దర్నీ పాత సామాన్ల దుకాణానికి తోలేశారు.

అక్కడికి సన్యాసిరావు వచ్చాడు. భీమిలిలో ఒక టిఫిన్ హోటల్లో అట్లు పోసేవాడు. పొద్దస్తమానం పెనం ముందు నిలబడి నిలబడి అతని ముంజేతుల మీద వెంట్రుకలు కాలిపోయి ఉండేవి. దుకాణదారు మమ్మల్ని నడిపించి చూపిస్తే, ఆ చల్లగాలిలో చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయాడు.

"గది నిజంగా సల్లబడతాదా బాబూ? నాకు కాదు, మా పాపకి" అని అడిగాడు.

అతని కూతురు హేమకు పుట్టుకతోనే చెమట పట్టదు. ఒంట్లో చెమట గ్రంథులే ఏర్పడలేదని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. అందరూ విసుక్కుని తుడుచుకునే చెమట లేక, ఎండాకాలం వస్తే ఆ పిల్ల ఒళ్ళు పెనంలా కాగిపోయేది. జ్వరం ముదిరి ఫిట్స్ కూడా వచ్చేవి. ఎండలు పోయేదాకా చల్లగా ఉంచడం తప్ప వేరే మందు లేదు.

వాళ్ళు సముద్రానికి దగ్గర్లో ఒక మేడ మీద అద్దెకుండేవారు. నన్ను పెరటివైపు గోడకు, కిటికీ కింద, రెండు ఇనుప కొయ్యల మీద బిగించారు. కింద ఇల్లుగలావిడ బంగారమ్మ ఉండేది. సముద్రంలో చేపలవేట చేసుకునే భర్త సోములు జబ్బుచేసి పోయాక, పెరట్లో చేపలు ఎండబెట్టి సంతలో అమ్ముకుంటూ బతికేది. నా వేడిగాలి తిన్నగా ఆ పెరట్లోకే పోయేది.

"ఓలె కళావతీ, మీ పెట్టె నా మొకాన నిప్పులూదుతుంది. అట్లు పోసుకునేటోల్లకి ఏసీ ఏటే?" అని రోజూ కింది నుంచి కేకలేసేది.

సన్యాసిరావు భార్య కళావతి ఎదురు చెప్పేది కాదు. పిల్ల సంగతి బయటపడితే వీధిలో వాళ్ళు రకరకాలుగా అనుకుంటారని భయం. ఆ మాటలన్నీ పడేది. అసలు దోషిని నేనక్కడే గోడకు వేలాడుతూ ఉన్నా, నోరు లేనివాణ్ణి కదా.

మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఎంతకీ రాలేదు. కళావతి హేమను ఎత్తుకుని మెట్లు దిగి పరుగున పెరట్లోకొచ్చింది. నూతి దగ్గర కూచోబెట్టి నెత్తి మీద నీళ్ళు పోస్తూనే ఉంది. పిల్ల కళ్ళు మూతలు పడుతున్నాయి.

బంగారమ్మ చేపలు తిరగేస్తున్నదల్లా లేచి వచ్చింది. "ఏటైందే గుంటకి?"

కళావతి ఇక దాచలేకపోయింది. అంతా చెప్పింది. బంగారమ్మ చేద తీసుకుని తానే నీళ్ళు తోడి పొయ్యడం మొదలుపెట్టింది. పిల్ల తేరుకుని "మామ్మా, సేపల కంపు" అనేదాకా ఆపలేదు.

మర్నాడు ఆమె తన చేపల పందిరి పెరట్లో అటు చివరికి మార్చుకుంది. కేకలేయడం మాత్రం పూర్తిగా మానలేదు. అలవాటు పడిన నోరు.

ఆ వారంలోనే తుఫాను కబురు వచ్చింది. సముద్రం ఒడ్డునున్నవాళ్ళంతా బడికి వెళ్ళిపోవాలని ఆటోలో మైకు పెట్టి చెప్పుకుంటూ పోయారు. సన్యాసిరావు హోటలు నుంచి పరుగెత్తుకొచ్చి, నాకు కరెంటు వచ్చే స్విచ్చి తీసేసి, నిచ్చెనెక్కాడు. కొయ్యల బోల్టులు ఉప్పుగాలికి తుప్పు పట్టిపోయాయి. ఒకటి బిగిసింది. రెండోది రెంచీకి పొడిపొడిగా రాలింది. నేను పోతే మళ్ళీ నాలాంటిదాన్ని తెచ్చే స్తోమత అతనికి లేదు. ఎండలు ఇంకా బోలెడున్నాయి. కిందికి దిగి ఒక టార్పాలిన్ తెచ్చి నా చుట్టూ కప్పబోయాడు.

"అది కట్టకు సన్నేసీ" అంది బంగారమ్మ కింది నుంచి. "తెరసాపనాగ గాలి పట్టీసి పెట్టెను ఎత్తుకుపోతాది."

"మరేటి సెయ్యమంటావు పిన్నీ?"

ఆమె లోపలికి వెళ్ళింది. వచ్చేటప్పుడు భుజం మీద ఒక వల ఉంది. సోములు జబ్బుతో మంచాన పడి ఉండగా అల్లిన వల అది. సముద్రం మొహం చూడనే లేదు. కొంటామని ఎందరడిగినా ఆమె ఇవ్వలేదు. వాడుకుని తెచ్చిస్తామన్నా ఇవ్వలేదు. దాన్ని చూసి సన్యాసిరావు నిచ్చెన మీదే ఆగిపోయాడు.

"వద్దు పిన్నీ. అది సోములు సిన్నాన్నది."

"ఆడిదే. ఇంట్లో ఏలాడ్డానికి అల్లినాడేటి? కట్టు. గాలి కన్నాల్లోంచి ఎలిపోతాది, పెట్టె ఉండిపోతాది."

నన్ను ఆ వలలో చుట్టి, దాని తాళ్ళు లోపలి కిటికీ ఊచలకు లాగి కట్టారు. ముడులు ఎలా వెయ్యాలో ఆమె కింద నిలబడి చెబుతుంటే అతను వేశాడు. పెరట్లో ఎగిరిపోయే రేకుముక్కలు, కుండీలు తీసి లోపల పడేశారు. తరవాత అందరూ బడికి వెళ్ళిపోయారు. నేనొక్కణ్ణే మిగిలాను.

మర్నాడు పొద్దున్నే గాలి విరుచుకుపడింది. దాన్ని గాలి అనడానికి నాకు మనసొప్పదు. నేను బతుకంతా ఊదింది గాలి. ఇది ఇంకేదో. ఉప్పునీళ్ళు, ఇసుక కలిసి నా వీపు మీద రేకుల్ని కొట్టాయి. కొబ్బరిమట్ట ఒకటి వచ్చి వల మీద పడి జారిపోయింది. బంగారమ్మ వంటింటి మీద పెంకులు ఒక్కొక్కటీ లేచిపోవడం చూశాను. కాసేపటికి తుప్పు పట్టిన కొయ్య విరిగింది. నేను ఒక పక్కకు ఒరిగిపోయాను. వల బిగుసుకుంది. దాని కళ్ళు కొన్ని తెగిన చప్పుడు వినిపించింది. తక్కినవి పట్టుకున్నాయి. గాలి తగ్గేదాకా అలాగే వేలాడుతూ ఉన్నాను.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి పెరట్లో మోకాలిలోతు నీళ్ళు. బంగారమ్మ కప్పులేని తన వంటింటివైపు ఒకసారి చూసింది. తరవాత తలెత్తి నన్ను చూసింది.

"ఉన్నాది" అంది.

మెకానిక్కు వచ్చి నన్ను దించాలంటే వల విప్పాలన్నాడు. తడిసి బిగుసుకున్న ముడులు ఊడి రాలేదు. సన్యాసిరావు గోళ్ళు విరిగేదాకా ప్రయత్నించాడు కానీ, కత్తి పెట్టడానికి చెయ్యి రాలేదు. బంగారమ్మ చేపల కత్తి పట్టుకుని నిచ్చెన ఎక్కింది. ఒక్క క్షణం వల కళ్ళను వేళ్ళతో నిమిరింది. ఆ తరవాత తానే కోసింది. కోస్తున్నంతసేపూ ఆమె చెయ్యి నా ఒంటికి ఆనుకునే ఉంది.

మెకానిక్కు మంచినీళ్ళతో నా ఉప్పంతా కడిగి, వంగిన రేకులు దువ్వి సరిచేసి, బాగా ఆరేదాకా నడపొద్దని చెప్పాడు. కొత్త కొయ్యల మీద మళ్ళీ నిలబెట్టాడు. కరెంటు రావడానికి కొన్నాళ్ళు పట్టింది. అన్నాళ్ళూ హేమ తడిగుడ్డ కప్పుకుని బంగారమ్మ నడవాలో, తడి గచ్చు మీద పడుకుంది. బంగారమ్మ తాటాకు విసనకర్రతో విసురుతూ, చెయ్యి నొప్పెడితే చెయ్యి మార్చుకుంటూ కూచుంది.

కరెంటు వచ్చిన మధ్యాహ్నం నన్ను నడిపారు. హేమ కిందికి వెళ్ళి బంగారమ్మను చెయ్యి పట్టి లాక్కొచ్చింది. ఆమె ఎన్నడూ ఏసీ గదిలో అడుగు పెట్టలేదు. మంచం అంచున బిగుసుకుని కూచుని, "ఓలమ్మ, సలెట్టేస్తన్నాదే" అనడం కిటికీ సందులోంచి నాకు వినిపించింది. "పడుకో మామ్మా" అంది హేమ. కాసేపటికి గురక వినిపించింది. ఇన్నాళ్ళ నిద్రంతా ఆమెకు అప్పుడే వచ్చినట్టుంది.

కళావతి రిమోటు తీసి, గది చల్లబడింది కదా, ఇక కట్టేద్దామంది.

"కట్టకమ్మా" అంది హేమ. "మామ్మ లెగీదాకా ఉండనీ."

కళావతి రిమోటు పక్కన పెట్టేసింది. బయట ఎండ మండుతోంది. ఎప్పుడూ చల్లదనం ఎలా ఉంటుందో తెలియనివాణ్ణి, ఆ మధ్యాహ్నం మాత్రం అది ఎవరి మీద వాలుతోందో తెలిసి, చప్పుడు కాకుండా తిరగడానికి ప్రయత్నించాను.