ప్లేట్ల మోతలో పాట

దగ్గరికి జరుగు తల్లీ, నా చెవులు మందం, నువ్వు ఊ కొడితే నాకు వినబడాలి.

తన దిగులు జబ్బు మీద తనే పాటలు కట్టి, గిటారు పట్టుకుని ఊరూరా పాడే మనిషి ఒకడుండేవాడు. ఒకసారి జనం గోల చేస్తే పాట సగంలో ఆపేశాడు. ఇంటికెళ్ళి మూడు నెలలు మంచం దిగలేదు. అప్పటినుంచి పాట ఆపడమంటే వాడికి ప్రాణభయం.

కచేరీలు కుదిర్చేది వాడి బావ. ఆ మహానుభావుడు ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో మేనేజరు రిటైర్మెంటు విందుకి, "మావాడు నవ్వించి చంపుతాడు" అని చెప్పి ఒప్పుకున్నాడు. తీరా అక్కడ వీడు మంచం మీంచి లేవలేని పొద్దుల గురించి పాట ఎత్తుకున్నాడు.

"పిలిచింది పార్టీకా, పరామర్శకా?" అని ఫోర్‌మన్ అరిచాడు.

"ఒరేయ్, హుషారు పాటొకటి అందుకో, తంతారు!" అన్నాడు బావ.

ఫోర్‌మన్ మైకు వైరు పీకేశాడు. గిటారుకి వైరుతో పనేముంది? వీడు ఆపలేదు. జనానికి ఒళ్ళు మండి, స్పూన్లతో స్టీలు ప్లేట్లు బాదారు. వాడి గొంతు వాడికే వినబడలేదు. కానీ కోపంతోనైనా వందమంది కలిసి బాదితే దానికో దరువు పుడుతుంది. వాడు కళ్ళు మూసుకుని ఆ దరువునే పట్టుకుని చివరి చరణం దాకా వెళ్ళాడు.

"మళ్ళీ గేటు దగ్గర కనిపిస్తే గిటారు పొయ్యిలో పెడతా!" అన్నాడు ఫోర్‌మన్.

"పెట్టుకో అన్నా. పాటైపోయింది."

గుర్తుపెట్టుకో తల్లీ. నువ్వు చెప్పేటప్పుడు, చివర్లో వాళ్ళు చప్పట్లు కొట్టారని మాత్రం కలపకు. ఎవరూ కొట్టలేదు. పాట పూర్తయిందని చెప్పు, చాలు.