నూట నలభై మూడో వ్యాసం

రొట్టె పెనం మీద తిప్పుతుంటే మా ఆయన నరేందర్ నా పక్కన ఒక కాగితం పెట్టాడు. సంజాయిషీ మొత్తం తనే రాసేశాడు. లైబ్రరీ పాస్‌వర్డ్‌తో వ్యాసాలన్నీ నెట్ నుంచి నేనే దించానట, క్షమించాలట. నా సంతకం ఒక్కటే తక్కువ.

“నీది ఎట్లైనా కాంట్రాక్టు నౌకరే గద సుకన్యా. నాదైతే ప్రమోషన్ ఖరాబైతది,” అన్నాడు.

“మొగని కోసం ఒక్క సంతకం పెడితే అరిగిపోతవా?” అంది మా అత్త వసంతమ్మ, ఖాళీ చాయ్ గ్లాసు నా వైపు జరుపుతూ. ఈలోగా రొట్టె మాడింది. అదీ నా తప్పే అయింది.

బోధన్‌లో ఒకే ప్రైవేటు డిగ్రీ కాలేజీలో అతను సోషియాలజీ లెక్చరర్, నేను పదకొండేళ్లుగా లైబ్రేరియన్‌ని. పరిశోధన వ్యాసాలు చందా కట్టినవాళ్లకే చూపించే కంపెనీ ఒకటుంది. దాని పాస్‌వర్డ్ నా దగ్గరుండేది. “నాకు ఇయ్యనీకి గూడ పర్మిషన్ గావాల్నా?” అని నరేందర్ అడిగితే ఇచ్చేశాను. దోస్తులందరికీ పంచడానికి వారంలో రెండు వందల పైచిలుకు వ్యాసాలు దించాడు. కంపెనీ మా లైబ్రరీ పాస్‌వర్డ్ పనిచేయకుండా ఆపేసి, దించినవాటి జాబితాతో సహా నోటీసు పంపింది. సాయంత్రంలోగా దించినవాళ్ల పేరు కావాలన్నారు ప్రిన్సిపాల్ దేవిదాస్ సార్.

మేముండే నిజామాబాద్ నుంచి కాలేజీకి బస్సులో వస్తున్నంతసేపూ సంతకం పెట్టేద్దామనే అనుకున్నాను. ఇంట్లో గొడవ భరించే ఓపిక లేదు. కానీ లోకంలో నాదని చెప్పుకోగలిగింది ఆ లైబ్రరీ కుర్చీ ఒక్కటే. అదీ పోతే నేనేమైపోతానో తెలియలేదు.

లైబ్రరీలో ఏ జాబితా వచ్చినా వరస తప్పకుండా సరిచూడటం నా అలవాటు. నోటీసునూ అలాగే చూశాను. నూట నలభై మూడు దగ్గర వేలు ఆగింది. బోధన్ ప్రాంతంలో చెరకు నరికే ఆడవాళ్ల మీద వ్యాసం, రచయిత నరేందర్. కంపెనీకి ఇచ్చేశాక రాసినవాడికైనా ఊరికే రాదు కాబట్టి తన వ్యాసాన్నే దొంగతనంగా దించుకున్నాడు. నవ్వొచ్చింది. కాలేజీ పిల్లలు వాడే దొంగ సైటులో దాన్ని తెరిచాను. ఇన్నేళ్లలో అందరికీ వ్యాసాలు తీసిపెట్టిన నేను, చదవడానికి ఒకటి తీసింది అదే మొదటిసారి.

రెండో పేజీలో ఆగి మళ్లీ మొదటి నుంచి చదివాను.

పెళ్లయిన కొత్తలో ఎంఫిల్ కోసం నిజాంసాగర్ కాలువ వెంట చెరకు తోటల్లో రెండేళ్లు తిరిగాను. కడుపుతో ఉన్నానని ఆపించారు. “సదివింది సాలు, ఇల్లు సూస్కో,” అంది అత్త. నా ఆరు నోటుబుక్కులను ఇల్లు మారేటప్పుడు పాత సామాన్లవాడికి వేశానని నరేందర్ చెప్పాడు. ఆ రోజు పంపు తిప్పి, నీళ్ల చప్పుడులో ఏడ్చాను.

ఇప్పుడు నా మాటలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఆ తోటల్లో చెరకు నరికే ఈరవ్వ నాతో అన్నదీ ఉంది. “ముట్టయితే పని ఆగుతదని గర్భసంచి తీపిచ్చుకున్న బిడ్డా. మగోళ్ల ముంగట చెప్పేటిది కాదు.” ఆమె పేరైనా మార్చలేదు. ఆ రోజు ఆమె నొప్పితో మెలికలు తిరుగుతుంటే చీర తప్పించి నడుముకు నూనె రుద్దాను. ఆ సంగతి నోట్సులో పెట్టుకున్నాను. నరేందర్ చూసుకోకుండా ఆ వాక్యాన్నీ ఎత్తుకున్నాడు. ‘నేను ఆమె నడుముకు నూనె రుద్దుతూ ఇదంతా విన్నాను’ అని అతని పేరు కింద అచ్చయింది. చివర్లో టైపు చేసిపెట్టినందుకు భార్యకు కృతజ్ఞతలు. టైపు కూడా నేను చేయలేదు.

ఫోన్ మోగింది. “సంతకం పెట్టినవా?”

“పెడుతున్న.”

అతని కాగితం చింపేసి కొత్తది తీసుకున్నాను. వ్యాసం ప్రింటు తీసి, ఈరవ్వ పేరు ఉన్నచోటల్లా సిరాతో కొట్టేశాను.

‘పాస్‌వర్డ్ ఇచ్చింది నేనే. అందుకు నా నౌకరీ తీసేసినా కాదనను. వ్యాసాలు దించింది నరేందర్ గారు. నూట నలభై మూడోది జతపరుస్తున్నాను, నాలుగో పేజీలో ఒక వాక్యం కింద గీత గీశాను. చెరకు తోటలో ఆ తల్లి నడుముకు నూనె రుద్దింది ఏ చేత్తోనో ఆయన్ని ఒక్కసారి అడగండి, సార్.’