రాలిన మామిడికాయల పేజీ

పట్టకారు కొనతో ‘ర’ లోపలి చిన్న ముక్కను పట్టుకుని గంగారత్నం మెల్లగా లాగింది. అక్షరం అట్ట మీదే ఉండాలి, నడుమనున్న ముక్క మాత్రమే ఊడి రావాలి. ఊడి వచ్చింది. ఆమె ఊపిరి వదిలి రెండో అక్షరం మీదికి వంగింది.

బెంజ్ సర్కిల్ వెనక సందులో, మేడమీది గదిలో ఉంది ఆ కొట్టు. పుట్టినరోజులకీ పెళ్ళిరోజులకీ జనం ఫొటోలు తెచ్చిస్తే వాటిని స్క్రాప్‌బుక్‌లో అంటించి, చుట్టూ పేర్లూ బొమ్మలూ స్టిక్కర్లుగా కోసి, ముత్యాలూ తళుకులూ పెట్టి ఇస్తారు. బొమ్మలు కంప్యూటర్లో గీసేది కొట్టు యజమానురాలు సింధూరి. మిషను కోసిన వాటిని ఒలిచి అంటించేది గంగారత్నం. యాభై రెండేళ్ళ మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటుంది, జిగురంటకుండా చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుంటుంది. కొల్లేటి లంకలో చిన్నప్పుడు చేపలు బాగుచేసిన చేతులు. బొటనవేలి మీద అప్పటి గాటు ఇంకా తెల్లగా కనిపిస్తుంది. ఆరేళ్ళ కిందట ఊడ్చి తుడవడానికి చేరింది. ఒకరోజు మిషను మొరాయిస్తే బ్లేడు తీసుకుని చేత్తోనే నెమలిని కోసింది. మర్నాటి నుంచి చీపురు ముట్టుకోనివ్వలేదు సింధూరి.

“ఆంటీ, జంక్షన్ సంగతి ఏం ఆలోచించారు?” సింధూరి కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే అడిగింది.

హనుమాన్ జంక్షన్‌లో ఇంకో కొట్టు తెరుస్తోంది ఆ అమ్మాయి. దాన్ని గంగారత్నమే చూసుకోవాలని పదిరోజులుగా అడుగుతోంది.

“చెప్తానమ్మా,” అంది గంగారత్నం. పదిరోజులుగా అదే జవాబు.

పదకొండు గంటలకు ముసలి దంపతులు మెట్లెక్కి వచ్చారు. రామకోటేశ్వరరావు చేతిలో ప్లాస్టిక్ సంచి ఉంది. ఆయన భార్య శివపార్వతి కుర్చీలో కూర్చుంటూనే మొహం గోడవైపు తిప్పుకుంది. వాళ్ళది సింగ్‌నగర్. బుడమేరు పొంగినప్పుడు ఇల్లు నాలుగు రోజులు నీళ్ళలో ఉంది. పెళ్ళి ఆల్బమ్ అల్మరా అడుగు అరలో ఉండిపోయింది.

“రేపటికి యాభై ఏళ్ళమ్మా మా పెళ్ళయ్యి,” అన్నాడాయన. “వీటితో ఏమైనా చేస్తారేమోనని తెచ్చా.”

సంచిలో ఉన్నవి ఫొటోలని చెప్పడం కష్టం. ఒకదానికొకటి అతుక్కుని, ఊదారంగూ పసుపూ కలిసి కారిపోయాయి. మొహాలున్నచోట మచ్చలు మిగిలాయి.

“ఫొటోలే పోయాక పుస్తకమేంటండీ?” శివపార్వతి గోడతో అన్నట్టు అంది. “చుట్టూ పువ్వులంటించి మధ్యలో ఏం పెడతారు, బురదా?”

రామకోటేశ్వరరావు తల దించుకున్నాడు. నీళ్ళొచ్చినప్పటి నుంచి ఆవిడ ఆ సంచి విప్పనివ్వలేదని మెల్లగా చెప్పాడు.

గంగారత్నం ఫొటోలను వేళ్ళతో విడదీస్తూ పోయింది. ఒకదాని మూలన చెయ్యొకటి చెక్కుచెదరకుండా ఉంది. మోచేతి దాకా గాజులు, చీరకొంగును పట్టుకున్న వేళ్ళు. చెయ్యి వరకే కత్తిరించి ఆవిడ ముందు పెట్టింది.

“ఈ చెయ్యి ఎవరిదండీ?”

శివపార్వతి ఓరగా చూసింది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

“మా అత్తగారిది. నన్ను నిటారుగా కూర్చోమని కొంగు పట్టి లాగుతోంది.” కళ్ళజోడు సర్దుకుని ఆవిడే అంది: “ఎట్టా కూర్చుంటామండీ నిటారుగా? మైలవరంలో మామిడితోటలో వేశారు పందిరి. తాళి కట్టే వేళకి గాలిదుమారం. కాయలు టపటపా రాలినయ్. పంతులుగారి నెత్తిన పడిందొకటి. ఆయన మంత్రం ఆపితేనా!”

“ఆపలేదు గానీ గొంతు పెంచాడు,” అన్నాడు రామకోటేశ్వరరావు. శివపార్వతి నవ్వు ఆపుకోలేకపోయింది.

సింధూరి మామిడికాయ గీసి మిషనుకిచ్చింది. ఇరవై కాయలూ ఒక్కలా వచ్చాయి. గంగారత్నం వాటిని పక్కన పెట్టి, ఆకుపచ్చ షీటు తీసుకుని బ్లేడు పట్టింది. ఒకటి ముక్కుదేలింది, ఒకటి పొట్టిగా వచ్చింది, ఒకటి పగిలినట్టుంది. పేజీ నడుమ అత్తగారి చెయ్యి. పైన వంగిన పందిరి రాట. చుట్టూ రాలుతున్న కాయలు. ఓ మూలన పంతులుగారి పిలక, దాని మీద కాయ. దాని కింద మందపాటి స్పాంజి ముక్క పెట్టి పైకి లేచినట్టు అంటించింది.

“బ్లేడు ఎక్కడ నేర్చావమ్మా?” శివపార్వతి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“హనుమాన్ జంక్షన్లోనండీ. మా ఆయన రాంబాబు లారీలకి రేడియం స్టిక్కర్లు వేసేవాడు. నేను అక్షరాలు కోసిచ్చేదాన్ని.” గంగారత్నం చెయ్యి ఆగింది. “అక్కడే పోయాడండీ. లారీ వెనకాల ‘అమ్మ దీవెన’ అని అంటిస్తా అంటిస్తా కూలబడిపోయాడు. తొమ్మిదేళ్ళయింది. బస్సు అటు పోతే కళ్ళు మూసుకుంటా.”



“మరి మిగతా అక్షరాలు ఎవరు అంటించారు?” అంది శివపార్వతి.

ఆ మాట ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.

“నేనేనండీ. ‘అమ్మ దీ’ దాకా ఆయన వేశాడు. కర్మలయ్యాక డ్రైవరు లారీ తెచ్చి నిలబెట్టాడు. ‘వెన’ నేను కోసి అంటించా.”

“వంకర పోలేదుగా?”

“లేదండీ.” గంగారత్నం తలెత్తింది. ఆ మధ్యాహ్నపు ఎండ, లారీ వెనక తలుపు రేకు వేడి, వేళ్ళ కింద చదునుగా పరుచుకున్న ఎర్రటి అక్షరాలు గుర్తొచ్చాయి. తను ఏడవలేదు ఆ పూట. స్కేలు పెట్టి కొలుచుకుంది. “తిన్నగానే వచ్చినయ్యండీ,” అంది మళ్ళీ.

సాయంత్రానికి తొమ్మిది పేజీలయ్యాయి. వాటిలో మొహమున్న ఫొటో ఒక్కటీ లేదు. శివపార్వతి పుస్తకాన్ని సంచిలో పెట్టనివ్వకుండా ఒళ్ళో పెట్టుకుంది. మెట్లు దిగుతూ కూడా ఇద్దరూ పంతులుగారి గురించే వాదించుకుంటున్నారు.

గంగారత్నం బల్ల తుడిచింది.

“సోమవారం నుంచి వెళ్తానమ్మా జంక్షన్‌కి.”

సింధూరి గబుక్కున లేచింది. “నిజంగానా ఆంటీ?”

“కంప్యూటరు నాకు రాదు. బొమ్మ ఫోన్లో పంపు. మిషను ఆగితే బ్లేడుంది.”

“ఇక్కడికి కొత్తమ్మాయిని తీసుకోవాలైతే.”

“తీసుకో. జిగురు చీరలకంటితే పోదని చెప్పు.”

గంగారత్నం చీర మీది చొక్కా బొత్తాలు విప్పింది. రాంబాబుది. భుజాల దగ్గర పలచబడింది. రెండుసార్లు దులిపి, మడవబోయి, ఏమనుకుందో గోడ మేకుకి తగిలించింది. చెప్పులేసుకుని, జంక్షన్ మీదుగా పోయే ఏలూరు బస్సులు ఎన్నింటి నుంచి ఉంటాయో అడిగి వెళ్ళిపోయింది.

సింధూరి లైటు ఆర్పబోతూ ఆగింది. ఫ్యాను గాలికి మేకు మీద నీలిగళ్ళ చొక్కా కదులుతోంది. దాని చేతి మడతలో ఇరుక్కున్న తళుకులు ఒక్కొక్కటే మెరుస్తున్నాయి.