నీలి దారం అట్టలు

చాత్తుణ్ణి ఎండిన కొమ్మను అట్టమీద పరిచి, కాడ విరగకుండా సూదిని వెనకనుంచి పైకి లాగాడు. ముడి వేసి దారాన్ని పంటితో తెంపాడు. పాలక్కాడ్ దగ్గరి ఆ మొక్కల పరిశోధన కేంద్రంలో ముప్పై ఒక్క ఏళ్లుగా అతని పని ఇదే. బొటనవేలి చర్మం సూదిపోట్లకు తోలులా గట్టిపడింది. ఎడమ భుజం కుడిదానికంటే కాస్త కిందికి జారింది. ఈ సాయంత్రంతో ఉద్యోగం అయిపోతుంది.

వరండాలో పన్నెండు బస్తాల కురుందోట్టి అనే మందుమొక్క వేళ్లున్నాయి. కొండమీది ఆడవాళ్లు తవ్వినవి. వాళ్లకు పెద్దదైన తేయి అనే ఆవిడ బస్తామీదే కూర్చుంది. వాతపు కషాయం తయారుచేసే కంపెనీ లారీ గేటు బయట ఆగి ఉంది. మూడు గంటలకు రిపోర్టు వస్తుంది. వేళ్లు వేరే మొక్కవని తేలితే ఇక వాళ్ల సరుకు ఎవరూ కొనరు.

"చేట్టా, మీ మిషను వేరుని నమిలి చూస్తుందా?" అంది తేయి, అతన్ని అన్నా అని మలయాళంలో పిలుస్తూ.

"నమలదు. లోపలి డి.ఎన్.ఏ. చదువుతుంది. బార్‌కోడంటారు."

"మా అమ్మమ్మ వాసన చూసి చెప్పేది. ఆ ముసల్దానికే ఉద్యోగం ఇవ్వాల్సింది మీరు."

అతను నవ్వేలోగా, పరీక్షలు చేసే షహీనా మేడమ్ లోపలికి పిలిచింది. చేతికి ఒక అట్ట ఇచ్చి బీరువాలో పెట్టమంది.

"పాపం, ఈసారీ కలవలేదు చేట్టా. పన్నెండు బస్తాలూ దాన్ని పోలిన ఇంకో మొక్కే."

"దేంతో పోల్చారమ్మా?"

"దీంతోనే. మన దగ్గర కురుందోట్టి అట్ట ఇదొక్కటేగా. దీని ఆకు ముక్క తీసే పరీక్ష చేశాం."

చాత్తుణ్ణి అట్టకేసి చూశాడు. కాడమీద నీలి దారం.

చాలా ఏళ్ల కిందట ఒక వానాకాలంలో నాలుగు రోజులు కరెంటు లేదు. మొక్కల కట్టలు క్యాంటీన్ పొయ్యిమీద ఆరబెట్టాడు. తడి కాగితాలు మారుస్తుంటే గాలికి రెండు పేరు చీటీలు ఎగిరిపడ్డాయి, కురుందోట్టిదొకటి, దాన్ని పోలిన మొక్కదొకటి. పూలూ కాయలూ అప్పటికే పురుగులు తినేశాయి, ఆకులు రెండింటివీ ఒకేలా ఉన్నాయి. తోచినట్టు చీటీలు పెట్టి, తెల్ల దారం అయిపోతే భార్య జాకెట్లు కుట్టే నీలి దారంతో కుట్టేశాడు. పైఆఫీసరు చూడకుండానే సంతకం పెట్టాడు.

బీరువా ముందు నిలబడ్డాడు. మూడింటికి ఇంకా పది నిమిషాలున్నాయి. పక్క గదిలో ప్రింటరు కదిలింది. నాలుగింటికి వీడ్కోలు టీ. డైరెక్టరు చదవబోయే కాగితం పొద్దున బల్లమీద చూశాడు. 'ఒక్క పొరపాటూ చేయని మనిషి' అని ఉంది అందులో.

కింది అరలోంచి రెండో నీలి దారం అట్ట తీసి వెనక్కి నడిచాడు.

"సంతకం ఆపండి మేడమ్. ఈ రెంటి చీటీలూ నేను ఊహించి పెట్టినవి."

ఆమె రెండో అట్టను భూతద్దం కింద పెట్టి అంగుళం అంగుళం వెతికింది. నీలి ముడి కింద ఒక గింజ చిక్కుకుని ఉంది. పురుగు అందుకోలేని చోట. దాన్ని చూసి కంప్యూటరు దగ్గరకెళ్లింది. పోలిన మొక్క పేరుతో ఇదివరకే తీసి ఉంచిన ఈ అట్ట డి.ఎన్.ఏ. వరుస, తేయి తెచ్చిన వేళ్లతో అక్షరం పొల్లుపోకుండా కలిసింది. గింజ ఆకారం కూడా కురుందోట్టిదే.

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదమ్మా." చేతిలోని మొదటి అట్టనూ బల్లమీద పెట్టి, "నేనూ చెప్పలేదు," అన్నాడు.

బస్తాలు లారీ ఎక్కుతుంటే తేయి అంది: "మిషను మా అమ్మమ్మ దారికొచ్చిందన్నమాట."

"మిషను తప్పు కాదు. నాది."

తేయి అతని మొహంలోకి చూసింది. "పోయిన నెల వెనక్కి పంపినవి కొండకింద కుళ్లిపోయాయి చేట్టా," అంది. చాత్తుణ్ణి వంగి చివరి బస్తాకు చెయ్యి పట్టాడు.

టీ ఇచ్చారు. డైరెక్టరు కాగితం తీయలేదు.

అట్టమీది పాత చీటీని పీకకూడదు. పక్కనే కొత్తది అతికించాలి, తప్పు కూడా అక్కడే ఉండాలి. ఆ కేంద్రం పద్ధతి అది. షహీనా రెండు చీటీలు రాసింది: 'సరిదిద్దినది, అటెండరు చాత్తుణ్ణి చెప్పినదాన్నిబట్టి.' ముప్పై ఒక్క ఏళ్లలో ఒక అట్టమీద అతని పేరు పడటం అదే మొదటిసారి. అతనే జిగురు రాసి అతికించాడు. గొడుగు తీసుకుని అయిదు గంటల బస్సుకు వెళ్లిపోయాడు.

చీటీ అంచు లేవకుండా అతను పెట్టిన నల్ల గులకరాయి, జిగురు ఆరిపోయాక కూడా, ఆ పేరు మీదే ఉంది.