లేత్ మిషన్ చెప్పిన దూరం

ఆదివారం నల్లా నీళ్లు పట్టుకోవడం అయ్యాక రాములమ్మ చేటలో బియ్యం పోసుకుని షెడ్డు గడప మీద కూర్చునేది. నాచారంలో ఉమామహేశ్వర్ ఇంటి వెనక గదిలో ఆమె అద్దెకుంటోంది. దగ్గర్లోని ఇండస్ట్రియల్ ఏరియాలో మందుల సీసాలకు లేబుళ్లు అంటించే పని. వారమంతా కంపెనీలో మోత విన్నదానివి, సెలవునాడు కూడా మిషన్ పక్కనే కూర్చుంటావేమని ఉమామహేశ్వర్ భార్య సుశీలమ్మ అడిగేది. కానీ ఈ మిషన్ మోత వేరు. ఇనుమును గుండ్రంగా తిప్పుతూ చెక్కే చిన్న లేత్ మిషన్, కుట్టుమిషన్ కంటే కాస్త పెద్దది. కారు కోసం వేసిన రేకుల షెడ్డులో కారు బదులు దాన్ని పెట్టుకుని, సర్కారు ల్యాబులో పనిచేసి రిటైరైన ఉమామహేశ్వర్ అరచేతిలో పట్టేంత ఆవిరి ఇంజన్లు తయారు చేస్తుండేవాడు. అవి ఎందుకని ఎవరైనా అడిగితే, "తిరుగుతాయి కదండీ," అనేవాడు.

ఆ ఏడు ఆయనకు చూపు మందగించింది. మిషన్ పనిముట్టును జరిపే చేతిచక్రం చుట్టూ చెక్కిన సన్నటి గీతలు ఆనడం లేదు. పైగా చక్రం వెనక్కి తిప్పితే మొదట కొంత ఊరికే తిరిగి, ఆ తర్వాత గానీ పనిముట్టు కదిలేది కాదు. ఊరికే తిరిగిన ఆ కాస్త లెక్క తప్పితే ముక్క పాడైనట్టే. అందుకని పనిముట్టు ఎంత కదిలిందో అంకెల్లో చూపించే డిజిటల్ రీడౌట్ బెంగుళూరు నుంచి తెప్పించాడు. రెండు గాజు స్కేళ్లు, వాటి వెంబడి జారే రెండు సెన్సర్లు, రెండు వరసల్లో ఎర్రటి అంకెలు వెలిగే ఒక డబ్బా.

"రాములమ్మా, నీ చెయ్యి వణకదు కదా?" అన్నాడు పార్సిల్ విప్పుతూ.

"వణికితె మా కంపెనీల ఉండనిస్తరా సారు?"

"అయితే వచ్చి ఇది పట్టుకో."

పొడుగు స్కేలు మిషన్ వెనక వైపు, పొట్టిది పనిముట్టు ముందుకీ వెనక్కీ జరిగే పలక పక్కన. ఆమె స్కేలు కదలకుండా పట్టుకుంటే ఆయన ముల్లు గడియారం లాంటి డయల్ గేజిని దాని మీదుగా నడిపేవాడు. ఈ చివర నుంచి ఆ చివరకు వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకునేవాడు కాదు. మరలు వదులు చేసి, కింద పల్చటి రేకుముక్క దూర్చి, మళ్లీ మొదటి నుంచి. అల్యూమినియం పట్టీలు కోసి, ఆకురాయితో అరగదీసి సెన్సర్లకు ఆసరాలు చేశాడు. ఎగిరిపడే ఇనప రజను లోపలికి పోకుండా రేకు మూతలు వంచాడు. మిషన్‌కు బెజ్జం పెట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం చాలాసేపు దాన్నే చూసి, బయటికి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చి, అప్పుడు డ్రిల్లు పట్టుకున్నాడు.

డబ్బా వెలిగించి మిషన్ ముందు వైపున్న చక్రం తిప్పితే పై వరసలో అంకెలు పరుగెత్తాయి. వెనక్కి తిప్పితే చక్రం తిరుగుతున్నా అంకెలు కాసేపు కదల్లేదు. పనిముట్టు కదిలాకే అవీ కదిలాయి.

"చూశావా? చక్రం చెప్పే లెక్క వేరు, అసలు లెక్క వేరు," అని ఆయన తృప్తిగా చేతులు తుడుచుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే భోజనానికి పిలవడానికి వచ్చిన సుశీలమ్మ, ఏదో ఆసరాకన్నట్టు చక్రం మీద చెయ్యి వేసి, "ప్రజ్ఞ ఇంకా రాలేదేమిటండీ," అంది. ప్రజ్ఞ వాళ్లమ్మాయి. తార్నాక దగ్గర యూనివర్సిటీలో చదువుతోంది, సెలవైనా లైబ్రరీకని వెళ్లింది. సుశీలమ్మ చేతి కింద చక్రం కదలలేదు గానీ పై వరసలో అంకెలు మారాయి. ఆరు చూపించాయి, ఐదుకు దిగాయి, తగ్గుతూ తగ్గుతూ దాదాపు సున్నాకు వచ్చేసరికి ప్రజ్ఞ గేటు తీసుకుని లోపలికి వచ్చింది.

"ఇనుముకైతే మిల్లీమీటర్లు, మనుషులకైతే కిలోమీటర్లు అన్నమాట," అని ఉమామహేశ్వర్ కాళ్లు కడుక్కుని భోజనానికి వెళ్లాడు.

అప్పటికి సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాలేదు. సాయంత్రమైతే కాలనీ ఆడవాళ్లు ఒక్కొక్కరే షెడ్డులోకి వచ్చి చక్రం మీద చెయ్యి పెట్టి, తమవాళ్ల పేరు అనుకుని, అంకె చూసుకుని పోయేవారు. ఎదురింటి రాజేశ్వరమ్మ భర్త రైల్వేలో పని. అంకె పది కిందికి రాగానే ఆమె వెళ్లి బియ్యం కడిగేది. ఆ పది నిజంగా ఎంత దూరమో ఆమెకు అక్కర్లేదు, అన్నం ఉడికే వేళకు మనిషి వస్తే చాలు. పని మధ్యలో అడ్డు వస్తున్నారని ఉమామహేశ్వర్ గొణిగేవాడు, కానీ మిషన్ ఆపి పక్కకు జరిగేవాడు. ఒకసారి రాజేశ్వరమ్మ ఎందుకో తన చనిపోయిన తల్లిని తలుచుకుంది. రెండు వరసల్లోనూ సున్నాలే వచ్చాయి. ఆమె కాసేపు వాటినే చూసి, కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్లిపోయింది.

ఆ సున్నాలు చూసిన దగ్గర్నుంచి రాములమ్మ చక్రానికి దూరంగా కూర్చునేది.

ఆమె భర్త సాంబయ్య కనిపించక మూడేళ్లు. నాచారంలోనే డబ్బాలకు మూతలు కొట్టే ఒక కంపెనీలో, రేకును అచ్చులో నొక్కే ప్రెస్సు మీద పనిచేసేవాడు. ఒకరోజు తోటి పనివాడు ఉప్పలయ్య అచ్చు సరిచేద్దామని ప్రెస్సు కింద చెయ్యి పెట్టాడు. సాంబయ్య చూసుకోకుండా పెడలు తొక్కాడు. ఉప్పలయ్య రక్తంలో పడిపోయాడు. ఎవరో "పాయె, మనిషి పాయె," అని అరిచారు. అది విని సాంబయ్య నూనె చేతులతోనే సైకిలెక్కి గేటు దాటాడు. ఉప్పలయ్య బతికాడు. కుడి చెయ్యి మణికట్టు దాకా పోయింది. ఇప్పుడదే కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్. అతను బతికిన సంగతి సాంబయ్యకు చెప్పడానికి సాంబయ్య ఎక్కడా దొరకలేదు. రాములమ్మ పోలీస్ స్టేషన్లో ఫొటో ఇచ్చింది, దవాఖానాలు తిరిగింది, తర్వాత ఊరుకుంది.

ఉగాది అయ్యాక జనగామ దగ్గరి ఊరి నుంచి ఆమె బావ, అంటే సాంబయ్య అన్న, వచ్చాడు.

"మూడేండ్లాయె. అమ్మ రోజూ ఏడుస్తున్నది. కర్మ జేసేద్దాం రాములమ్మా. నీ గాజులు, పుస్తె సంగతి గూడ ఎటో అటు తేలాలె గద," అన్నాడు తలొంచుకుని.

రాములమ్మ లేచి షెడ్డులోకి వెళ్లింది. ఉమామహేశ్వర్ మిషన్ ఆపి జరిగాడు. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని చక్రం మీద పెట్టి, కళ్లు మూసుకుంది. తెరవడానికి చాలాసేపు పట్టింది.

సున్నాలు కావు. ముప్పై ఆరుకు కొంచెం తక్కువ.

"బతికున్నడు," అంది.

వెనకే వచ్చిన బావ ఆ అంకె చూశాడు. చూశాక కాదనలేదు. "గట్లయితె కార్తీకం ఎల్లేదాక చూద్దాం," అని సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు.

ఉమామహేశ్వర్ బీరువాలోంచి జిల్లా పటం తీసి, కంపాసు పెట్టి, తన షెడ్డు చుట్టూ గుండ్రంగా గీత గీశాడు. గీత అటు భువనగిరి మీదుగా, ఇటు మహేశ్వరం మీదుగా, ఇంకోవైపు పటాన్‌చెరువు పక్కనుంచీ పోయింది. సెలవు దొరికినప్పుడల్లా రాములమ్మ పెళ్లిఫొటో కవర్లో పెట్టుకుని ఆ ఊళ్లకు పోయేది. హోటళ్లలో, ఇటుక బట్టీల దగ్గర, బస్టాండుల్లో అడిగేది. ఎండలు పోయాయి, వానలు వచ్చి పోయాయి. తిరిగొచ్చి చెయ్యి పెడితే అదే అంకె. మనిషి కదలడం లేదు, దొరకడమూ లేదు. దసరాకు బావ మళ్లీ కబురు పంపాడు.

కార్తీక సోమవారం నాడు సుశీలమ్మ కాలనీ ఆడవాళ్లతో కలిసి కీసరగుట్టకు వెళ్లింది. పొద్దు గూకుతున్నా రాలేదు. రాములమ్మ డ్యూటీ నుంచి వచ్చేసరికి ఉమామహేశ్వర్ చక్రం మీద చెయ్యి పెట్టి నిలబడి ఉన్నాడు.

"అమ్మ బయలెల్లిందా సారు?"

"లేదు. ఇంకా గుట్ట మీదే ఉంది." ఆయన అంకె వంక అనుమానంగా చూస్తున్నాడు. "ముప్పై ఆరు చూపిస్తోంది. కీసర ముప్పై ఆరు కిలోమీటర్లేమిటి? రోడ్డు మీద పోయినా పాతికకు మించదు."

"మా ఆయనది గూడ గంతనే గద సారు."

ఆయన డబ్బా మీద ఒక మీట నొక్కాడు. ముప్పై ఆరు కాస్తా పద్దెనిమిది అయింది. మళ్లీ నొక్కితే ముప్పై ఆరు. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏమైంది సారు?"

ఆయన ఒక ఇత్తడి కడ్డీ తీసి చూపించాడు. "ఇది మిషన్లో తిరుగుతుంటే నేను ఒక పక్క నుంచే గీకుతాను. అయినా చుట్టూతా తరుగుతుంది కదా? పనిముట్టు ఒక మిల్లీమీటరు లోపలికి పోతే కడ్డీ రెండు సన్నబడుతుంది. అందుకని డబ్బాను రెట్టింపు చూపించేలా పెట్టుకుంటాం. బిగించిన రోజే పెట్టాను. ఇనుముకు అదే సరైనది." కడ్డీ పక్కన పెట్టాడు. "మనుషులకు కాదు. నాకు తట్టనే లేదు రాములమ్మా. నిన్ను ఊరికే తిప్పాను."

రాములమ్మ అంకెల వైపు చూస్తూ నిలబడింది. కోపం వస్తుందేమోనని ఆమే ఎదురుచూసింది. రాలేదు.

"అంటే సగమేనా సారు?"

"సగమే."

పటం మళ్లీ పరిచారు. చిన్న గీత ఒక పక్క శామీర్‌పేట దగ్గర, ఒక పక్క అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర, మధ్యలో కీసర మీదుగా పోయింది. ఆమె కీసర మీద వేలు పెట్టింది. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ శివరాత్రి జాతరకు పోయి అక్కడే నిద్ర చేశారు. ఈ చుట్టుపక్కల గుడి అంటే సాంబయ్యకు తెలిసింది అదొక్కటే.

తెల్లారి ఆమె తన కంపెనీకి పోకుండా మూతల కంపెనీ గేటుకు పోయింది. ఉప్పలయ్య కుర్చీలోంచి లేచాడు.

"తమ్మీ, నాతోని కీసర రావాలె."

"దొరికిండా వదినె?"

"దొరకలే. దొరుకుతడు. నేనొక్కదాన్నే పిలిస్తె వస్తడో రాడో నాకు ఎరుకలేదు. నిన్ను జూస్తె వస్తడు."

ఉప్పలయ్య తాళాలు పక్క మనిషికిచ్చి, లోపలికి పోయి ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు.

కీసరలో దిగాక ఎక్కువ తిరగాల్సిన పని పడలేదు. గుట్ట కింద చాయ్ హోటలాయన ఫొటోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. "గడ్డం పెట్టి సూడాలె గీన్ని. ద్రాక్ష తోటల ఉంటడు. ఎవ్వరితోని మాట్లాడడు గని మంచోడే," అని దారి చెప్పాడు.

సాంబయ్య పందిరి కింద నిలబడి తీగెలను సుతిలి తాడుతో కడుతున్నాడు. చిక్కిపోయాడు. గడ్డంలో తెల్లవెంట్రుకలు వచ్చాయి. రాములమ్మను చూడగానే పారిపోవాలన్నట్టు ఒక అడుగు వెనక్కి వేశాడు. అప్పుడు ఆమె వెనక ఉన్న మనిషిని చూశాడు. అక్కడే మట్టిలో కూలబడ్డాడు.

ఉప్పలయ్య వచ్చి అతని ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"సాంబన్నా, నేనే. సచ్చిపోలె నేను."

సాంబయ్య చెయ్యి చాచి, ఉప్పలయ్య కుడిచేతి చొక్కా మడిచి, మొండి మణికట్టును రెండు చేతులతో పట్టుకున్నాడు. వేళ్లతో తడిమాడు. తల ఎత్తలేదు.

"నేనే గద లోపల చెయ్యి పెట్టింది. నీకు చెప్పకుంట పెట్టిన. గీ మాట చెప్పుదామంటె నువ్వు యాడున్నవో ఎవలకెరుక? ఎడమ చేత్తోనే తింట, సంతకం గూడ పెడత. బిడ్డ పుట్టింది, రెండో ఏడు. ఎత్తుకుంటె జారదు, సూద్దువు గని."

రాములమ్మ దగ్గరకు వచ్చి నిలబడింది. మూడేళ్లుగా మనసులో అనుకున్న మాటలన్నీ, తిట్లతో సహా, తోట దాకా ఆమెతోనే వచ్చాయి. ఇప్పుడు చూస్తే ఒక్కటే పనికొచ్చేలా ఉంది.

"మీ అన్న నీకు కర్మ జేస్తనంటున్నడు. వద్దని నేను చెప్పితె వినడు. నువ్వే వచ్చి చెప్పు."

చాలాసేపటికి సాంబయ్య లేచాడు. బోరు దగ్గర కాళ్లూ చేతులూ ముఖమూ కడుక్కున్నాడు. తోట యజమాని దామోదర్ రెడ్డి గట్టు మీదే ఉన్నాడు. అతని దగ్గరకు పోయి తోటలోని షెడ్డు తాళంచెవి ఇచ్చి దండం పెట్టాడు. యజమాని ముగ్గురినీ చూసి, "పో, మంచిగుండు," అన్నాడు.

కీసర బస్సులో ముగ్గురూ మూడు చోట్ల కూర్చున్నారు. ఈసీఐఎల్ దగ్గర దిగి ఉప్పల్ బస్సెక్కితే కూర్చునే జాగా లేదు. ఉప్పలయ్య ఉన్న ఒక్క చేత్తో పైన రాడ్డు పట్టుకుని ఊగుతున్నాడు. జేబులో చెయ్యి పెట్టాలంటే రాడ్డు వదలాలి. సాంబయ్య అది చూశాడు. జనాన్ని తోసుకుని వచ్చి అతని నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నాడు. రాములమ్మ ముందు సీటు అంచు పట్టుకుని, వెనక్కి తిరగకుండా వింటూ నిలబడింది.

"టికెట్, టికెట్. ఏడికన్నా?" అన్నాడు కండక్టర్.

సాంబయ్య గొంతు సవరించుకున్నాడు.

"మూడు నాచారం," అన్నాడు.