చేపకు పోసిన అమ్మవారు

దావీదురాజు మద్రాసుకు బయలుదేరుతూ అప్పగించినవి ఒక గాజు తొట్టి, అందులో రెండు బంగారు చేపలు, ఒక మాట.

"చిటికెడు పిండి తప్ప ఇందులో ఇంకేమీ వేయకండమ్మా. ఇవి మా ఆవిడ పుట్టింట్లో పెంచుకున్నవి. తను ఇక్కడికి కాపురానికి వచ్చేటప్పటికి కళ్ళబడాలి."

రాజధాని వచ్చాక కర్నూల్లో పశువుల కొట్టాలకు కూడా సున్నం కొట్టి అద్దెకిస్తున్న రోజులవి. ఆ సర్కారు గుమాస్తాకు అలివేలమ్మగారి ముందుగది దొరకడమే అదృష్టం. తొట్టి మాత్రం ఆమె కోడలు కనకరత్నం చేతికి దొరికింది. కనకరత్నం అనంతపురం కాలేజీలో జంతుశాస్త్రం చదివింది. చదివింది కాబట్టి, ఏమీ వేయవద్దన్న మాట చదువుకోనివాళ్ళ కోసం అనుకుంది.

దుప్పట్లు ఉతకడానికి కాలువకు వెళ్ళినప్పుడు చారల చేపపిల్లలు రెండు కనిపించాయి. చెంబులో పట్టి తెచ్చి తొట్టిలో వేసింది. బంగారు చేపలు మద్రాసు మనుషుల్లాగా ఎవరితోనూ కలవకుండా తిరుగుతున్నాయని, కాస్త కర్నూలు తోడు ఉంటే బాగుంటుందని ఆమెకు అనిపించింది.

కొన్నాళ్ళకు బంగారు చేపల ఒంటిమీద రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు లేచాయి. అవి గాజుకు ఒళ్ళు రుద్దుకోవడం మొదలుపెట్టాయి. చర్మం కిందికి దూరే కంటికి కానరాని పురుగు, కొత్త నీటి చేపతో వస్తుంది, ఉప్పు వేస్తే తగ్గుతుంది. కనకరత్నానికి పాఠమంతా వరసగా గుర్తొచ్చింది. రావలసినప్పుడు తప్ప. ముందు చారల చేపల్ని కొంగుచాటున తీసుకెళ్ళి కాలువలో వదిలేసింది. సాక్షులు లేకుండా పోయారు.

ఉప్పు జాడీ తీసేలోపే అత్తగారు తొట్టి ముందు నిలబడి ఉంది.

"కనకా! ఇట్ల రావే. చేపలకు అమ్మవారు పోసిండాది!"

"అమ్మవారు కాదత్తా, అది…"

"నోర్ముయ్. ఒళ్ళంతా ముత్యాల మాదిరి కనపడ్తాంటే కాదంటావా? పోయిన జాతరకు అమ్మవారికి పెరుగన్నం పంపిస్తాననుకొని మర్చిపోతి. నామీది కోపం ఈ మూగజీవాల మీద చూపిస్తాండాది తల్లి."

ఆ పూటే తొట్టికి వేపమండలు కట్టారు. ఇంట్లో తిరగమోత ఆగింది. ఉప్పు ఆగింది. అలివేలమ్మ తొట్టి పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

"చేపకు పోస్తే మాకెందుకమ్మా చప్పిడికూడు?" అన్నాడు కొడుకు నాగసుబ్బయ్య, విస్తరి ముందు నుంచి లేస్తూ. అంగడికని చెప్పి హోటలుకు వెళ్ళాడు.

కనకరత్నం కొంగు చివర నాలుగు ఉప్పు కల్లు ముడివేసుకుంది. అన్నం తినేటప్పుడు ముడి నలిపి విస్తట్లో రాల్చుకునేది. ఎదురుగా అలివేలమ్మ ఉత్త చప్పిడి మెతుకులు నమిలేది. ఆ ఎండల్లో ఆ వయసుకు ఆ తిండి పడక గోడ పట్టుకుని నడిచేది. చెప్పేద్దామని కనకరత్నం నోరు తెరిచినప్పుడల్లా కాలువ చేపల నుంచి మొదలుపెట్టాల్సి వచ్చేది. నోరు మూసేది.

ఒకనాటి పొద్దున పెద్ద చేప వెల్లకిలా తేలింది.

"నా మతిమరుపే చంపిందే దీన్ని," అని అలివేలమ్మ కళ్ళొత్తుకుంది. కనకరత్నం ఓదార్చింది. ఓదారుస్తున్న చెయ్యి తనది కాదనిపించింది.

ఆ మధ్యాహ్నం అత్తగారికి కునుకు పట్టగానే జాడీలోంచి గుప్పెడు ఉప్పు తీసి, నీళ్ళలో కరిగించి, వేపాకుల సందులోంచి తొట్టిలో పోసింది. మరునాడు సగం నీళ్ళు మార్చి మళ్ళీ పోసింది. మెల్లగా చుక్కలు రాలిపోయాయి. మిగిలిన చేప పిండి కోసం పైకి రావడం మొదలుపెట్టింది.

"చూసినావా? తల్లి కరుణించిండాది," అంది అలివేలమ్మ, నీరసంగా గోడకు ఆనుకుని.

దావీదురాజు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె పెట్టె దించకుండానే తొట్టి దగ్గరికి వెళ్ళి గాజు మీద వేలుపెట్టింది. ఒక చేప వచ్చింది. రెండోదాని కోసం ఇంకా చూస్తూ ఉంది.

"నాదే తప్పమ్మా," అంది అలివేలమ్మ చేతులు జోడించి. "మొక్కు మర్చిపోతి. నీ చేపను తీసుకునింది తల్లి. తిట్టల్లంటే నన్ను తిట్టు."

కూతురి వయసు పిల్లకు అత్తగారు చేతులు జోడించడం కనకరత్నం చూడలేకపోయింది.

"అత్తది కాదమ్మా తప్పు. ఏమీ వేయొద్దంటే కాలువ చేపలు తెచ్చి వేసింది నేను. ఆ జబ్బు వాటితో వచ్చింది. ఉప్పు వేస్తే పోతాదని తెలిసి కూడా, నా పని బయటపడ్తాదని ఊరుకున్నా. ఒకటి చచ్చినాక వేసినా."

ఆ అమ్మాయి మిగిలిన చేపకేసి వంగింది. "అయితే మొదటే వేసుంటే రెండూ బతికేవి," అంది. కోపం కూడా లేదు ఆ గొంతులో. తొట్టిని తన గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఆ పూట అలివేలమ్మ వంటింట్లోకి వెళ్ళి తిరగమోత పెట్టింది. ఆవాల చిటపట ఇంటినిండా వినిపించింది. కొడుక్కి పప్పు వడ్డించింది. తనూ వడ్డించుకుంది. కోడలి విస్తట్లో మాత్రం విడిగా తీసిపెట్టిన చప్పిడి పప్పు పోసింది.

"నేను చప్పిడి తింటాంటే ఎదురుగ్గా కూచోని చూస్తానే ఉంటివి గదనే."

"ఉంటి అత్తా."

"కొంగు ఈడ పెట్టు. ఆ ముడి నాకు కనపడలేదనుకుంటివా?"

కనకరత్నం కొంగు చాచింది. అలివేలమ్మ ముడి విప్పి, ఉప్పు కల్లు తన విస్తట్లో రాల్చుకుని, ఏమీ ఎరగనట్టు కలుపుకోసాగింది. కనకరత్నం ఒక ముద్ద తిని, రెండో ముద్ద మింగుడుపడక తలెత్తి చూసింది.

"ఏమి, ఉప్పు కావల్నా?" అంది అత్తగారు. "తొట్టిలో ఉండాది, పో."