తంబాకు ఎగురుతుందని

మే ఇరవయ్యో తేదీ మధ్యాహ్నం మా అమ్మ రేణుకమ్మ చనిపోయింది. ఆ రోజు నిజామాబాద్‌లో నలభై అయిదు డిగ్రీలు. కరెంటు పోలేదు. ఫ్యాను బాగానే ఉంది. స్విచ్ ఆపి ఉంది. ఆపింది నేను.

అమ్మ యాభై ఏళ్లు బీడీలు చేసింది. బీడీలు చేసేవాళ్లు ఫ్యాను వేసుకోరు. ఒళ్లోని చాటలో తంబాకు ఎగిరిపోతుంది, నానబెట్టిన ఆకు ఎండి చిట్లుతుంది. ఆ పొద్దున నేను బోధన్‌లో టీచర్ల శిక్షణకు బయలుదేరుతుంటే పిలిచింది.

“బిడ్డా, ఫ్యాను బంద్ జేసి పో. చాట వట్టుకొని నాకు లేవరాదు.”

బస్సు పోతుందని ఆపేసి వెళ్లాను.

నేను భయపడింది చలికి. జనవరిలో మా గల్లీలో వారం తేడాలో ఇద్దరు ముసలివాళ్లు పోయారు. దాంతో అమ్మకు మంకీ క్యాపు, రెండు రగ్గులు, గదికి హీటరు తెచ్చాను. కిటికీ సందుల్లో పాత పరీక్ష పేపర్లు కుక్కాను. ఆమె నవ్వింది.

“సావు సలికాలమే వస్తదా బిడ్డా? ఎండకాలం దానికి గూడ మీ బడి లెక్క సెలవులిస్తరా?”

ఫిబ్రవరి దాటాక హీటరు అటక మీద పెట్టి, ఈ ఏటి గండం గడిచిందనుకున్నాను. కిటికీలోని పేపర్లు తీయలేదు.

శిక్షణలో ఆ రోజు అంశం వడదెబ్బ. ముసలివాళ్లకు దాహం ఆలస్యంగా తెలుస్తుందని, చెమట తక్కువ పడుతుందని, గడప దాటకపోయినా ప్రమాదమేనని చెప్పారు. నోట్సు రాసుకున్నాను. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ గోడకు ఒరిగి ఉంది. చాటలో సగం కట్ట బీడీలు. చెంబులో నీళ్లు పొద్దున పోసినన్నీ ఉన్నాయి.

మరణ నమోదు కాగితం రాయడానికి మున్సిపల్ ఆఫీసు నుంచి భూమన్న అనే ఆయన వచ్చాడు.

“ఎన్నేండ్లు టీచరమ్మా?”

“డెబ్బై నాలుగు.”

“ఇగ ముసలితనమనే రాద్దాం గదా?”

“రాయండి,” అన్నాను. పిల్లలు తప్పు మాట రాస్తే మార్కులు తగ్గించేదాన్ని.

ఇప్పుడు మిరుగు కార్తె వచ్చి వారమైంది. వాన లేదు. నిన్న మధ్యాహ్నం పక్కింటి వెంకటవ్వ దగ్గరికి వెళ్లాను. అమ్మకంటే రెండేళ్లు పెద్దది. ఇద్దరూ కలిసి బీడీలు చేసేవాళ్లు. జరిగింది చెప్పి, ఆమె చేత ఫ్యాను వేయించాలని వెళ్లాను. తలుపు దగ్గరికి వేసుకుని, చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ముందు ఫ్యాను వేశాను.

“అయ్యో, తంబాకంత లేస్తది! బంద్ జెయ్యి తల్లీ.”

“స్విచ్ ఖరాబైందవ్వా. బంద్ అయితలేదు.”

ఆమె చాట పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచి, స్విచ్ నొక్కింది. ఫ్యాను ఆగింది.

“మంచిగనే ఉన్నది గదా! బడిల పోరగాండ్లకు ఏం సదువు జెప్తవో ఏమో.” మళ్లీ కూర్చుని ఆకు చేతిలోకి తీసుకుంది. “మీ అవ్వ నసీబు మంచిదే. మంచాన వడకుండ, చాట ముందట్నే పోయింది. ముసలితనానికి ఎవరేం జేస్తరు?”

“నీళ్లు తాగవ్వా,” అన్నాను.

నా మాట తీసేయలేక తాగింది. చెంబు మళ్లీ నింపి, ఆమె చేతికి అందేట్టు పెట్టి వచ్చాను.

ఆ రోజు మా ఇంట్లో ఫ్యాను ఎవరు ఆపారో వెంకటవ్వకు ఇంకా చెప్పలేదు.